మా వీధి గూర్ఖాది ఏ ఊరు?

ప్రొద్దుటూరులో మా చిన్నప్పుడు రాత్రి పదకొండు దాటాక వీధిలో రెండు చప్పుళ్లు వినిపించేవి. ఒకటి ఈల, రెండోది ఇనుప కరెంటు స్తంభం మీద కర్రతో కొట్టిన మోత. ఆ మోత వీధి చివరి దాకా సాగి అణగేలోపు మళ్లీ ఈల. "గూర్ఖా వచ్చినాడు, కండ్లు మూసుకో" అని మా అవ్వ దుప్పటి కప్పేది. నెల మొదటి వారంలో ఆయన పగటి పూట కూడా కనిపించేవాడు. ఖాకీ చొక్కా, నడుముకు తోలు ఒరలో వంకర కత్తి, చేతిలో అంచులు నలిగిన చిన్న నోటు పుస్తకం. మా నాయన అయిదు రూపాయలిస్తే ఆ పుస్తకంలో ఒక గీత గీసుకుని, చేయి నుదుటికి ఆనించి, పక్కింటి మెట్లెక్కేవాడు. పదేళ్లకు పైగా ఆయన మా వీధికి కాపలా కాశాడు. ఆయన పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక ఏడాది దసరాకు దేశం వెళ్లినవాడు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఆ కర్రా ఈలా పట్టుకుని ఇంకొకరు వచ్చారు. ఆయన్నీ గూర్ఖా అనే పిలిచాము. మనిషి మారిన సంగతి మాకు పెద్దగా పట్టలేదు. అలా పట్టకపోవడమే ఇన్నేళ్ల తరువాత నన్ను బాధిస్తున్నది.

హైదరాబాదులో మేముంటున్న అపార్టుమెంటుకు కొన్నేళ్ల క్రితం కొత్త వాచ్‌మన్ భార్యాబిడ్డలతో సహా వచ్చారు. నేపాల్ నుంచి వచ్చారని తెలిసి, నాకేదో తెలిసినట్టుగా "మీరు గూర్ఖాలేనా?" అని హిందీలో అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "గోర్ఖా చాలా దూరం సార్, నేనెప్పుడూ చూడలేదు. మాది అఛామ్" అన్నారు. అదెక్కడ అంటే, విజిటర్స్ రిజిస్టరు వెనక పేజీ తిప్పి, కొంచెం పక్కకు వాలిన పొడవాటి ఇటుక లాంటి ఆకారం గీశారు. మధ్యలో ఒక చుక్క పెట్టి గోర్ఖా అన్నారు. ఎడమ చివర మరో చుక్క పెట్టి అఛామ్ అన్నారు. రెంటికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. ఆ నాలుగు వేళ్లను బస్సులో దాటాలంటే ఒక పగలూ ఒక రాత్రీ చాలకపోవచ్చని చెప్పారు. ఆయన తన పేరు కూడా చెప్పారు గానీ, ఇక్కడ రాయడానికి అనుమతి అడగలేదు కనుక రాయను.

అప్పటి నుంచి నేను చదివినదీ, ఆయన్ను అడిగి తెలుసుకున్నదీ కలిపి ఒక అభిప్రాయానికి వచ్చాను. నేపాలీలను ఉద్దేశించి తెలుగులో మనం వాడుతున్న "గూర్ఖా" అన్న మాటను మానుకోవాలి. ఆ మాట తిట్టు కాదు. కానీ ఒక దేశం మొత్తాన్ని అది మన కంటికి కనపడకుండా చేసింది.

గోర్ఖా అంటే కాఠ్మండుకు పడమరగా కొండ మీద ఉన్న ఒక ఊరు, ఇప్పుడొక జిల్లా. 1743లో అక్కడ గద్దెనెక్కిన పృథ్వీనారాయణ్ షా, చుట్టుపక్కల ఉన్న అనేక చిన్న రాజ్యాల్లో ఒకదానికి రాజు మాత్రమే. పాతికేళ్ల పాటు ఓడుతూ గెలుస్తూ, కాఠ్మండు లోయలోకి వచ్చే వర్తకపు దారులను ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి, 1768లో కాఠ్మండును, ఆ మరుసటి ఏడాదికల్లా లోయలోని మిగతా రాజ్యాలను పట్టుకున్నాడు. ఆ రాజ్యాన్నీ ఆ సైన్యాన్నీ బయటివాళ్లు గోర్ఖా అన్నారు. 1814 నుంచి 1816 దాకా ఈస్టిండియా కంపెనీతో జరిగిన యుద్ధంలో ఆ రాజ్యం ఓడి, సుగౌలీ ఒప్పందం కింద కుమావూన్‌నూ గఢ్వాల్‌నూ వదులుకున్నది. అయితే యుద్ధం పూర్తిగా ముగియకముందే, 1815లోనే, తన మీద పోరాడిన ఆ కొండవాళ్లను కంపెనీ తన పటాలాల్లో చేర్చుకోవడం మొదలుపెట్టింది. తరువాతి కాలపు ఇంగ్లీషు అధికారులు మనుషులను యుద్ధానికి పనికివచ్చే జాతులనీ పనికిరాని జాతులనీ విడదీసి, మగర్, గురుంగ్, రాయ్, లింబూ తెగల నుంచే ఎక్కువగా ఎంచుకున్నారు. మగర్లకూ లింబూలకూ వేరువేరు భాషలున్నాయి, వేరువేరు కొలుపులున్నాయి, దేశంలో వాళ్ల సీమలే వేరు. పటాలంలో మాత్రం అందరూ గూర్ఖాలయ్యారు. సైన్యంలో మనుషులను చేర్చుకునే కచేరీ పెట్టిన పేరది.

అలా వెళ్లినవాళ్లను సొంత ఊళ్లలో ఎవరూ గూర్ఖాలనరు. లాహురే అంటారు. రంజిత్ సింగ్ కొలువులో చేరడానికి లాహోరు వెళ్లిన కాలం నాటి మాట అది. లాహోరు వేరే దేశమైపోయినా, మనిషి హాంగ్‌కాంగ్ వెళ్లినా ఖతార్ వెళ్లినా లాహురేయే. 1947లో బ్రిటిషు వాళ్లు పోతూ పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరింటిని భారతదేశానికి వదిలి నాలుగింటిని తమతో ఉంచుకున్నారు. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చాక, నాలుగేళ్లకే ఇంటికి పంపించే ఉద్యోగం 1947 నాటి ఒప్పందానికి సరిపడదని నేపాల్ అభ్యంతరం చెప్పడంతో మన సైన్యంలోకి నేపాల్ యువకుల భర్తీ నిలిచిపోయింది.

సిపాయికి వచ్చిన పేరు వీధి కాపలాకు ఎలా దిగిందో ఊహించడం కష్టం కాదు. ధైర్యం, నమ్మకం అన్న రెండు గుణాలను ఆ పేరుతో ముడివేసుకున్న మన పట్టణాలు కాపలాకు గూర్ఖానే కోరాయి. కొండల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు ఎవరైనా ఆ పేరూ ఆ వంకర కత్తీ ధరిస్తే తప్ప పని దొరకలేదు. అఛామ్, బఝాంగ్, బాజురా వంటి దూర పశ్చిమ జిల్లాల నుంచి మన దేశానికి కూలికి రావడాన్ని అక్కడివాళ్లు "కాలాపహాడ్ వెళ్లడం" అంటారు. నల్ల కొండకు పోవడం. మా వాచ్‌మన్ తాతగారు వెళ్లారు, నాన్నగారు వెళ్లారు, ఆయన వచ్చారు. 1950 నాటి ఒప్పందం వల్ల, సుమారు 1,750 కిలోమీటర్ల సరిహద్దు ఇరువైపుల వారికీ తెరిచే ఉన్నందువల్ల, పాస్‌పోర్టూ వీసా లేకుండా బన్‌బసా దగ్గర దాటి రైలెక్కుతారు. ఆయన ఛెత్రీ. ఇంగ్లీషు అధికారుల జాబితాలో మొదట వచ్చే ఆ నాలుగు తెగల్లో దేనికీ చెందరు. వారి వంశంలో సిపాయి ఎవరూ లేరు.

తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. వింధ్యకు అవతల మనల్నందరినీ మద్రాసీలని పిలిచిన కాలం ఎంతో వెనకటిది కాదు. ఢిల్లీలో చదువుకున్న రోజుల్లో "మద్రాసీ" అని పిలిచినవాడికి, నాది కడప జిల్లా అనీ, నా భాష తెలుగనీ, మద్రాసుకూ నాకూ ఉన్న సంబంధం చెన్నై సెంట్రల్‌లో రైలు మారడం వరకేననీ ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. పిలిచినవాడిలో ద్వేషం ఉండేది కాదు. తెలుసుకోవలసిన అవసరం తనకు లేదన్న ధీమా మాత్రం ఉండేది. ఆ ధీమాతోనే మా వీధి మనిషిని నేను పదేళ్లు గూర్ఖా అన్నాను. మద్రాసీ అంటే మనసు చివుక్కుమన్న జాతికి ఈ పోలిక విడమరిచి చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇంతకీ ఆ దేశం ఎంత? విస్తీర్ణం 1,47,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెలంగాణ కంటే పెద్దది, ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం చిన్నది. 2021 జనగణన ప్రకారం జనాభా 2 కోట్ల 91 లక్షలు. ఉత్తర దక్షిణాలుగా సగటున 200 కిలోమీటర్లు కూడా ఉండని ఆ పట్టీలో, సముద్రమట్టానికి 60 మీటర్ల ఎత్తులోని వరి పొలం దగ్గర మొదలుపెట్టి 8,848.86 మీటర్ల సగర్‌మాథా దాకా ఎక్కవచ్చు. సగర్‌మాథా అంటే మనం ఎవరెస్టు అనే శిఖరం. అదే జనగణన 142 కులాలను, తెగలను, 124 మాతృభాషలను లెక్కించింది. నేపాలీ మాతృభాషగా ఉన్నవారు నూటికి 45 మందికి మించరు.

నేపాల్ అన్న పేరుకు కూడా ఇలాంటి కథే ఉన్నది. అది మొదట కాఠ్మండు లోయ పేరు. అక్కడి నేవార్లు తమ భాషను ఇప్పటికీ నేపాల్ భాష అంటారు. మనం నేపాలీ అంటున్న భాషకూ దానికీ చుట్టరికం లేదు, అది టిబెటన్, బర్మీస్ భాషల కుటుంబానిది. పదమూడో శతాబ్దంలో కుబ్లాయ్ ఖాన్ కొలువుకు వెళ్లి బీజింగ్‌లో ఈనాటికీ నిలిచి ఉన్న తెల్లని స్తూపాన్ని కట్టిన అరనికో ఆ లోయ శిల్పే. పాలకుల భాష ఖస కురా; దాని పుట్టిల్లు పడమట జుమ్లా వైపు ఉన్న సింజా లోయ. దాన్నే గోర్ఖాలీ అన్నారు, 1930ల నుంచి అధికారికంగా నేపాలీ అన్నారు. 1960 తరువాత ముప్ఫై ఏళ్లు పార్టీలు లేకుండా రాజే నడిపిన, పంచాయతీ అని పేరున్న పాలనలో "ఒకే భాష, ఒకే వేషం" అన్న నినాదంతో ఆ భాష ఒక్కటే బడిలోకి వచ్చింది. అంటే అనేక జాతుల మీద ఒకే పేరు కప్పడం మనమొక్కరమే చేసిన పని కాదు. కాఠ్మండు కూడా చేసింది. దాని మీద అక్కడివాళ్లు చేసిన పోరాటం పెద్దది.

ఆ పోరాటం అన్నిటికంటే బలంగా సాగిన చోటు తెరాయి. నేపాలీ అనగానే మన మనసులో మెదిలే ముఖం ఒకటున్నది కదా. దేశ జనాభాలో సగానికి పైగా ఉండే ఈ దక్షిణపు మైదానంలో ఆ ముఖం చాలా చోట్ల కనిపించదు. నేలలో నాలుగో వంతుకు మించని తెరాయిలో మైథిలీ, భోజ్‌పురీ, థారూ, బజ్జికా, అవధీ మాట్లాడే జనం ఉంటారు. పంచె కట్టు, చామనఛాయ, చేపల కూర, మామిడి తోపులు; మన కోస్తా పల్లెలో నిలబెడితే ఎవరూ తిరిగి చూడరు. మైథిలీ మాట్లాడేవారు 32 లక్షలు. వారి జనక్‌పుర్ మన సీతమ్మ పుట్టినిల్లు. భద్రాచలంలో ఏటా జరిగే కల్యాణంలో పెళ్లికూతురి వైపు ఊరిగా మనం తలుచుకునే మిథిల అదే. అక్కడి జానకీ మందిరం ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో పూర్తయింది. మనలో ఎందరో జానకి పేరు పెట్టుకుని ఉన్నారు గానీ జానకిది నేపాల్ అన్న ఆలోచన మనకు రాదు, ఎందుకంటే నేపాల్ అంటే మనకు మంచుకొండా గూర్ఖానూ.

ఆ మైదానపు జనాన్ని కొండవాళ్ల ప్రభుత్వాలు తరతరాలుగా సగం పరాయివాళ్లుగానే చూశాయి. సరిహద్దుకు అవతల ఇదే భాష మాట్లాడే బీహారు ఉన్నందువల్ల, పౌరసత్వ పత్రం కోసం వెళితే నువ్వు ఇటువాడివేనా అన్న ప్రశ్న ఎదురయ్యేది. 2007లో మధేసీలనే ఈ మైదానపు జనం ఉద్యమం లేచింది. 2008 మే 28న రాచరికం పోయి గణతంత్రమయ్యాక, తొలి రాష్ట్రపతిగా ధనుషా జిల్లాకు చెందిన రామ్ బరన్ యాదవ్ ఎన్నికయ్యారు. అంతటితో సర్దుకోలేదు. 2015 సెప్టెంబరు 20న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజున కాఠ్మండులో దీపాలు వెలిగితే, రాష్ట్రాల హద్దుల్లోనూ పౌరసత్వంలోనూ తమకు అన్యాయం జరిగిందని తెరాయి పట్టణాలు నిరసనలో ఉన్నాయి. సరిహద్దు నాకాలు నెలల తరబడి స్తంభించాయి. వంట గ్యాసూ పెట్రోలూ మందులూ అందక దేశం అల్లాడింది. ఇది భారత్ చేసిన దిగ్బంధమని నేపాల్, మధేసీ ఆందోళనకారుల పని అని భారత్ చెప్పాయి. ఎవరి మాట ఎంత నిజమైనా, ఏప్రిల్ 25 భూకంపంలో 9,000 మంది దాకా పోయి, లక్షల ఇళ్లు కూలి, రేకుల కింద చలికాలం గడుపుతున్న ప్రజల మీద ఆ కష్టం పడిందన్నది మాత్రం నిజం. ఆ భూకంప కేంద్రం గోర్ఖా జిల్లాలోని బార్‌పాక్. మనం అంత తేలిగ్గా వాడిన పేరు గల నేల నుంచే ఆ విపత్తు మొదలైందని చాలామందికి తెలియదు.

షేర్పా అన్న మాటకూ ఇదే గతి పట్టింది. ఆ మాటకు తూర్పువాళ్లని అర్థం. టిబెట్టు వైపు నుంచి కొన్ని శతాబ్దాల క్రితం సోలుఖుంబూ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన చిన్న జాతి వారిది, జనాభాలో నూటికి ఒకరు కూడా ఉండరు. కొండెక్కేవాడి మూట మోసే పనికి ఇప్పుడు ప్రపంచమంతా ఆ పేరు పెట్టుకున్నది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలోని ఖుంబూ ఐస్‌ఫాల్ అనే మంచుగడ్డల వాలులో మంచు చరియ విరుచుకుపడి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీలే, అందరూ ఇతరుల యాత్రకు తాళ్లు కట్టడానికీ సరుకు చేరవేయడానికీ వెళ్లినవాళ్లే. 2021 జనవరి 16న పది మంది నేపాలీలు, తొమ్మిది మంది షేర్పాలూ నిర్మల్ పుర్జా అనే ఒక మగరూ, చలికాలంలో అంతవరకు ఎవరూ ఎక్కని కె2 శిఖరాన్ని ఎక్కారు. శిఖరానికి కొన్ని మీటర్ల దిగువన ఆగి, వెనక ఉన్నవాళ్లు వచ్చేదాకా ఆ చలిలో ఎదురు చూసి, అందరూ కలిసి జాతీయగీతం పాడుకుంటూ పైకి నడిచారు. ఫలానావాడు మొదట ఎక్కాడని రాసుకోవడానికి వీలు లేకుండా చేశారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

ఇదంతా చెప్పి ఆ దేశాన్ని స్వర్గమని చూపడం నా ఉద్దేశం కాదు. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే శాసనం కులాల నిచ్చెనను చట్టంగా రాసింది. తాగుడు అలవాటున్న జాతులంటూ ఒక వర్గాన్ని చేసి, వారిలో బానిసలుగా చేయదగినవారెవరో చేయకూడనివారెవరో కూడా తేల్చింది. అంటరానితనాన్ని 1963లో చట్టంలోంచి తీశారు గానీ పల్లెల్లోంచి పోలేదు. థారూ కుటుంబాలను వెట్టికి కట్టిపడేసిన కమైయా పద్ధతి రద్దయింది 2000లో. బహిష్టు రోజుల్లో ఆడవాళ్లను పశువుల కొట్టంలాంటి గుడిసెలోకి పంపే ఛౌపడి మా వాచ్‌మన్ జిల్లాలోనే ఎక్కువ. పాముకాటుకూ పొగకూ పిల్లలు చనిపోయారని ఆయన భార్య చెప్పింది. హైదరాబాదులో తనకు అన్నిటికంటే నచ్చినదేమిటంటే ఆ గుడిసె లేకపోవడమేనని కూడా చెప్పింది.

మనకూ వారికీ మధ్య ఉన్న మరో బంధం గురించి జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల పల్లెల్లో అడిగితే తెలుస్తుంది. ఖతార్‌లో, దుబాయిలో, సౌదీలో లేబర్ క్యాంపుల గదుల్లో ఒకే మంచం పై అంతస్తులో తెలంగాణ మనిషి, కింద అంతస్తులో నేపాల్ మనిషి. ఏజెంటుకు కట్టిన అప్పు ఒకటే, ఎండ ఒకటే. నేపాల్ ఆర్థికవ్యవస్థలో దాదాపు నాలుగో వంతుకు సమానమైన సొమ్ము అలా బయట పనిచేస్తున్నవాళ్లు పంపుతున్నదే. రాత్రి బాగానే పడుకుని తెల్లారేసరికి లేవని యువకుల శవపేటికలు శంషాబాదులోనూ దిగుతాయి, కాఠ్మండు త్రిభువన్ విమానాశ్రయంలోనూ దిగుతాయి.

నా మాటకు ఒక గట్టి అభ్యంతరం ఉన్నది. డార్జిలింగ్ కొండల్లో ఉండే మన దేశ పౌరులు తమను గోర్ఖాలని సగర్వంగా చెప్పుకుంటారు. నేపాలీ అంటే పరాయి దేశస్థులనుకుంటారేమోనని వారి భయం, ఆ భయానికి కారణాలున్నాయి. వారి భాష 1992లో మన రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులో చేరింది. వారు తమకు తాము పెట్టుకున్న పేరును కాదనడానికి నేనెవరిని? కానీ తనకు తాను పెట్టుకున్న పేరు వేరు, కాపలా పనికి మనం తగిలించిన పేరు వేరు. బఝాంగ్ నుంచి వచ్చిన దళితుణ్ణి గూర్ఖా అన్నప్పుడు మనం డార్జిలింగ్ వారిని గౌరవిస్తున్నామని ఎవరూ అనలేరు.

మనం నేపాల్‌కు వెళ్లని వాళ్లమా అంటే అదీ కాదు. పశుపతినాథ్‌కూ ముక్తినాథ్‌కూ ఏటా తెలుగు యాత్రికులు బస్సుల కొద్దీ వెళతారు. మన ఇళ్ల పూజామందిరాల్లో ఉండే సాలగ్రామం ముక్తినాథ్ వైపు నుంచి పారే కాళీగండకీ ఒడ్డున దొరికేదే. హిమాలయం లేవకముందు అక్కడున్న సముద్రపు జీవి రాయిగా మారి, మా అవ్వ చేతుల్లో రోజూ స్నానం చేసింది. 2025 సెప్టెంబరులో సామాజిక మాధ్యమాల నిషేధంతో మొదలై అవినీతి మీద తిరుగుబాటుగా మారిన యువతరం ఆందోళనలో డెబ్బై మందికి పైగా చనిపోయి, ప్రభుత్వం పడిపోయి, మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆ వారంలో నేను చూసిన తెలుగు వార్తలన్నీ అక్కడ చిక్కుకున్న మన యాత్రికుల గురించే. వారు క్షేమంగా విమానం దిగగానే వార్త ముగిసింది. మన వాళ్ల కోసం ఆందోళన పడటం సహజమే. కానీ తుపాకీ గుండుకు పోయిన బడి పిల్లలెవరో, వాళ్లు అడిగినదేమిటో మరుసటి రోజైనా చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు ఆయన్ను నేను దాయీ అని పిలుస్తాను. నేపాలీలో అన్న అని. ఇంట్లో ఆయన మాహిలా, అంటే రెండోవాడు. జేఠా, మాహిలా, సాహిలా, కాహిలా, కాన్ఛా అని పుట్టిన వరుసను బట్టి పిలుచుకుంటారు, మన పెద్దోడు, నడిపోడు, చిన్నోడు లాగానే. నువ్వు, మీరు తేడా వారికి మనకంటే ఎక్కువ మెట్లలో ఉన్నది: తఁ, తిమీ, తపాయీఁ, ఆ పైన హజూర్. తపాయీఁ అనిపించుకోవలసిన వయసు మనిషిని "ఏయ్ గూర్ఖా" అని పిలిచిన మా వీధి గుర్తొచ్చి నోట మాట రాలేదు.

పోయిన ఉగాదికి మా అమ్మ ప్రొద్దుటూరు నుంచి వచ్చి రాగి సంగటి చేసి, ఊరుమిండితో కింది వాళ్లకూ పంపింది. దాయి భార్య గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, నవ్వుతూ "ఢిండో" అన్నది. వాళ్ల కొండల్లో రాగిపిండినీ మొక్కజొన్న పిండినీ ఉడుకు నీళ్లలో పోసి, గరిటె తిరగనంత గట్టిగా కెలికి, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర గుండ్రుక్ చారుతో తింటారట. అమ్మ ఆ మాట విని ఆగిపోయింది.

"ఆ మాట నేను ముందే విన్న్యా నాయనా," అన్నది. "మన వీధిలో గూర్ఖా ఉన్న్యాడే, వానికి ఒకసారి జరం తగ్గినాంక సంగటి పెట్టినా. ముద్ద చేతిలో పట్టుకోని చానాసేపు చూసినాడు. డిండో అనో ఏందో అన్న్యాడు. మనకేం తెల్సు, బాగలేదేమో అనుకున్న్యా."

అయితే ఆయన తెరాయి మనిషి కాదు, కొండ మనిషి. అంతవరకు చెప్పగలను. నేపాల్‌లో 77 జిల్లాలుంటే కొండల్లో ఉన్నవి యాభైకి పైనే. ఆయనది వాటిలో ఏదో ఒకటి.